ఇరుగుపొరుగుకు లెక్క కట్టిన ఊరు

సింగపూర్‌లో గడిపిన ఆరు రోజుల్లో అందరూ చూసేవన్నీ నేనూ చూశాను. లిటిల్ ఇండియాలో కాలు చాపుకోవడానికి కూడా చాలని గదికి రాత్రికి 140 డాలర్లు పోశాను. ఇంటికి వచ్చాక మాత్రం నా మనసులో మెదులుతున్నది టాంపినీస్‌లో మా పిన్ని కొడుకు అద్దెకుంటున్న బ్లాకు కింద గడిచిన ఒక్క సాయంత్రమే.

అక్కడి ప్రభుత్వ గృహసముదాయాల్లో చాలా బ్లాకులకు నేల అంతస్తును స్తంభాల మధ్య ఖాళీగా వదిలేస్తారు. దాన్ని వాయిడ్ డెక్ అంటారు. మన అపార్టుమెంట్లలో ఆ చోటు కార్లకు పోతుంది. ఆ సాయంత్రం అక్కడ ఒక మలయ్ కుటుంబం మర్నాటి పెళ్ళికి స్తంభాలకు పసుపు, తెలుపు గుడ్డలు చుడుతోంది. గళ్ళు చెక్కిన రాతిబల్ల దగ్గర ఇద్దరు చైనీయ వృద్ధులు ఆటలో మునిగి ఉన్నారు. మా తమ్ముడు వాళ్ళ పక్కనే కూర్చుని ఫోనులో ఒక బ్లాకు నంబరు, తన జాతి వివరం నింపి, తెర వంక చూసి, ఫోను నా చేతికిచ్చాడు.

"అక్కా, ఆ బ్లాకులో మనవాళ్ళ కోటా నిండిపోయిందట. అమ్మేవాళ్ళు కూడా ఇండియన్లయితే తప్ప నేను కొనడానికి వీల్లేదు."

అమ్మేవారు చైనీయ దంపతులు. ధర దాదాపు కుదిరింది. ఎదురింట్లో బాపట్ల వాళ్ళున్నారని, పిల్లలకు తెలుగు మాట వినబడుతుందని మా మరదలు ఆ ఇంటి మీద ఎంతో ఆశ పెట్టుకుంది. నాకు కోపం వచ్చింది. డబ్బు చేతిలో ఉండి, అమ్మేవాడు సిద్ధంగా ఉండి, పుట్టుకను బట్టి కాదనడం ఏమి న్యాయమని గట్టిగానే అన్నాను.

తమ్ముడు ఓపికగా చెప్పాడు. 1964లో ఆ దేశంలో జాతుల మధ్య అల్లర్లు జరిగాయి. ఆ తరువాత అందరినీ కలిపి కొత్త పట్టణాల్లో ఇళ్ళు ఇచ్చినా, 1980ల నాటికి మలయ్‌లు బెడోక్, టాంపినీస్ వైపు, చైనీయులు ఆంగ్ మో కియో, హౌగాంగ్ వైపు మళ్ళీ గుమిగూడసాగారు. అందుకని 1989 మార్చిలో ప్రతి బ్లాకులోనూ ప్రతి పేటలోనూ ఒక్కో జాతివారు ఇంత శాతం మించకూడదని హద్దులు పెట్టారు. 2010లో సవరించిన లెక్క ప్రకారం ఇండియన్లు, ఇతరులు కలిసి బ్లాకులో 15 శాతం, పేటలో 12 శాతం మించకూడదు. మలయ్‌లకు ఇవే హద్దులు 25, 22. చైనీయులకు 87, 84. దేశవాసుల్లో దాదాపు 80 శాతం మంది ఈ ప్రభుత్వ ఇళ్ళలోనే ఉంటారు కాబట్టి ఈ లెక్క ఊరంతటికీ వర్తించినట్టే. దీని భారం మాత్రం తక్కువ సంఖ్యలో ఉన్నవారి మీదే ఎక్కువ. చైనీయుల కోటా నిండిన బ్లాకులో ఇండియన్ తన ఇల్లు చైనీయులకు అమ్ముకోలేడు. కొనేవాళ్ళు తగ్గితే ధర తగ్గుతుంది. ఆ బాధ నిజమని ఒప్పుకునే, అమ్ముకోలేని వారి ఇళ్ళను కొన్ని సందర్భాల్లో ప్రభుత్వమే తిరిగి కొనే ఏర్పాటు 2022లో చేశారు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా వారికి గుంటూరు బదిలీ అయిన ఏడాది ఇంటి కోసం తిరిగిన రోజులు గుర్తుకొచ్చాయి. ఒక ఇంటావిడ మంచినీళ్ళిచ్చి, వంటగది చూపించి, బావిగట్టు దాకా తీసుకెళ్ళి, అప్పుడు అడిగింది: "ఇంతకీ మీరేమిట్లు?" చెప్పాము. ఇల్లు బంధువులకు మాటిచ్చామని అప్పుడే గుర్తొచ్చినట్టు చెప్పింది. రెండు నెలల తరువాత కూడా ఆ గేటుకు టులెట్ బోర్డు వేలాడుతూనే ఉంది. ఆవిడ దగ్గర ఏ కోటా లేదు, ఏ చట్టమూ లేదు. మన పల్లెల్లో ప్రభుత్వం కట్టించిన కాలనీలు కూడా చాలాచోట్ల ఊరి చివర విడిగానే వెలిశాయి.

మర్నాడు మాక్స్‌వెల్ రోడ్డులోని సిటీ గ్యాలరీకి వెళ్ళాను. ప్రవేశం ఉచితం. నగరం నడిబొడ్డునంతా కొయ్యబొమ్మల్లాంటి చిన్న చిన్న భవనాలుగా పేర్చిన నమూనా ముందు చాలాసేపు నిలబడ్డాను. 1971 నుంచి దశాబ్దాల ముందుచూపుతో ప్రణాళిక గీసి, భూవినియోగ పటాన్ని అయిదేళ్ళకోసారి తిరగదిద్దుకునే పద్ధతి వాళ్ళది. 2015లో మన అమరావతికి ప్రణాళిక గీసి ఇచ్చిందీ సింగపూర్ సంస్థలే. రోడ్లు, కాలువలు, ఎత్తైన భవనాల గురించి అప్పట్లో ఎంత చర్చించుకున్నామో నాకు గుర్తుంది. ఏ వీధిలో ఎవరి పక్కన ఎవరుండాలన్న మాట నా చెవిన పడలేదు. 2025 జనవరిలో మన మిత్ర పేరిట వాట్సాప్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ సేవలు 161 మొదలయ్యాక ధ్రువపత్రాల కోసం తిరిగే బాధ మనకూ తగ్గింది, అది మంచిదే. అద్దె ఇంటి గుమ్మంలో ఆ ప్రశ్న అడగకుండా చేసే సేవ అందులో కూడా ఉంటే బాగుండునని ఆ నమూనా ముందు నిలబడి కోరుకున్నాను.

కోటా లెక్కలు అక్కడ ప్రతి నెలా ఒకటో తేదీన మారతాయి. నేను తిరిగి వచ్చాక ఒకటో తేదీన తమ్ముడు ఫోను చేశాడు. ఆ బ్లాకులో ఇంకా ఖాళీ రాలేదట. పాసిర్ రిస్‌లో మరొకటి చూస్తున్నారు. అక్కడ ఎదురిల్లు ఒక మలయ్ టీచరుదట. ఆవిడ మా మరదలిని లోపలికి పిలిచి టీ ఇచ్చి, ఇంట్లో పిల్లలెంతమంది అని అడిగిందట.