డీజే లైబ్రరీ సర్దుడు: ఇప్పటిదాకా ఎంతవరకు వచ్చిందంటే

హైదరాబాద్‌లో వారాంతాల్లో ఫంక్షన్లకు డీజే చేస్తుంటాను. ఉద్యోగం వేరు, ఇది ఇష్టం. సంగీత్, హల్దీ, పుట్టినరోజులు, అప్పుడప్పుడు కాలేజీ ఫ్రెషర్స్ డే. కొన్ని నెలలుగా పాటల లైబ్రరీ మొత్తాన్ని రెకార్డ్‌బాక్స్ అనే డీజే సాఫ్ట్‌వేర్‌లో మొదటి నుంచి సర్దుతున్నాను. సగం దాటింది. ఇదే పనిలో ఉన్నవాళ్లకు ఉపయోగపడుతుందని వివరంగా రాస్తున్నా.

మొదలుపెట్టేటప్పుడే జానర్ ఫోల్డర్లు వద్దనుకున్నాను. హౌస్, టెక్నో, హిప్‌హాప్ అన్న విభజన క్లబ్బుల్లో ప్లే చేసేవాళ్లకు సరిపోతుంది. మన ఫంక్షన్ హాల్లో జానర్ పేరు చెప్పి అడిగేవాళ్లు ఉండరు. "అన్నా, చిరంజీవి పాట ఒకటి వెయ్యి", "మా అత్తమ్మ కూడా స్టెప్పులేసేలా పాతది ఏదైనా పెట్టు" అంటారు. పాట అడిగినవాళ్లు కన్సోల్ ముందే నిలబడి ఉంటారు, ఆ నిమిషంలో అది చేతికి అందాలి. అందుకే వాళ్లు అడిగే తీరులోనే వెతకగలిగేలా సర్దుతున్నాను: హీరో, సినిమా, ఫ్లోర్ మీద ఆ పాట చేసే పని.

ఏరివేత

ముందు ఫైళ్ల నాణ్యత చూశాను. పేరుకు 320 కేబీపీఎస్ (సెకను పాటకు ఎంత డేటా అన్న లెక్క) అని ఉన్నా, 128 ఫైల్‌నే మళ్లీ 320గా మార్చినవి చాలా తిరుగుతుంటాయి. స్పెక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే పాటలోని ఫ్రీక్వెన్సీల బొమ్మ కనిపిస్తుంది. 128 అయితే 16 కిలోహెర్ట్జ్ దగ్గర గీత గీసినట్టు తెగిపోతుంది, అసలైన 320 అయితే దాదాపు 20 దాకా వెళ్తుంది. 80ల నాటి పాటలకు ఈ పరీక్షను గుడ్డిగా నమ్మకూడదు. రికార్డింగ్‌లోనే హై ఫ్రీక్వెన్సీలు తక్కువ ఉండొచ్చు, అవి చెవితోనే తేల్చుకోవాలి. ఫోన్‌లో తేడా తెలియదు కానీ పెద్ద స్పీకర్ల మీద గజ్జెలు, తాళాలు గరగరలాడతాయి.

తీసేసిన వాటి బదులు కొనగలిగినవి కొంటున్నాను. ఐట్యూన్స్ స్టోర్‌లో వచ్చే 256 ఏఏసీ ఫంక్షన్లకు నిక్షేపంగా సరిపోతుంది. స్ట్రీమింగ్ మీద ఆధారపడను, సెల్లార్‌లో ఉన్న హాల్లో నెట్‌వర్క్ ఎంత వస్తుందో అందరికీ తెలిసిందే.

తర్వాత పేర్లు. ఎంపీ3ట్యాగ్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఒకేసారి చాలా ఫైళ్లు ఎంచుకుని టైటిల్‌లో అతికించి ఉన్న వెబ్‌సైట్ల పేర్లు తీసేశాను. ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు పేరు ఒక్కొక్కరు ఒక్కోలా రాస్తారు. ఒకరు దీర్ఘానికి రెండు ఏలు పెడితే ఇంకొకరు ఒకటే పెడతారు, వెతికితే దొరకదు. దీర్ఘం ఉన్నా ఒకే ఏ అని నియమం పెట్టుకున్నాను. ఆల్బమ్ గడిలో సినిమా పేరు, ఆర్టిస్ట్ గడిలో సంగీత దర్శకుడు, కామెంట్‌లో హీరో పేరు, సంవత్సరం.

పాట చేసే పని

నాకు బాగా ఉపయోగపడుతున్నది మై ట్యాగ్, అంటే రెకార్డ్‌బాక్స్‌లో పాటకు మనమే పెట్టుకునే గుర్తులు. ఒక వరుస సందర్భానికి: హల్దీ, సంగీత్, బరాత్, కేక్ కటింగ్. ఇంకో వరుస ఎవరికోసం అన్నదానికి: పిల్లలు, కుర్రాళ్లు, పెద్దవాళ్లు, అందరూ. ప్రిఫరెన్సెస్‌లో మై ట్యాగ్‌ను కామెంట్‌లోకి చేర్చే ఆప్షన్ ఆన్ చేస్తే ఆ మాటలు కామెంట్‌లో హీరో పేరు పక్కన చేరతాయి.

నక్షత్రాలను పాట ఎంత బాగుందో చెప్పడానికి వాడటం లేదు, ఊపు ఎంతో చెప్పడానికి మాత్రమే. ఒకటి అంటే భోజనాల వేళ, ఐదు అంటే చొక్కా తడిసే మాస్ పాట. ఓపెన్ లాన్ ఫంక్షన్లకు ఇది చాలా ముఖ్యం. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్లు వాడకూడదు. అంటే ఐదు నక్షత్రాల పాటలన్నీ 9:15కీ 9:50కీ మధ్య పడిపోవాలి.

రంగులు రెండే వాడుతున్నాను. డబుల్ మీనింగ్ సాహిత్యం ఉంటే ఎరుపు, అది పెద్దవాళ్లు లేచి వెళ్లాకే. బీట్ హుషారుగా ఉన్నా లవ్ ఫెయిల్యూర్ సాహిత్యం ఉంటే నీలం, అది సంగీత్‌లో అస్సలు వద్దు. ఏ సాఫ్ట్‌వేరూ ఈ తేడా పట్టుకోలేదు, ప్రతి పాటా మాటలతో సహా వినాల్సిందే. అందుకే పని నెమ్మదిగా సాగుతోంది, అయినా ఈ భాగాన్ని తొందరగా తేల్చేయాలని లేదు.

బీట్‌గ్రిడ్, తీన్మార్

ఇప్పటి పాటలు కంప్యూటర్ మీద ప్రోగ్రామ్ చేసినవి, బీట్‌గ్రిడ్ (దెబ్బ ఎక్కడెక్కడ పడుతుందో చూపే గీతలు) దానంతటదే కూర్చుంటుంది. పాత పాటల్లో ఆర్కెస్ట్రా మొత్తం కలిసి వాయించేది కాబట్టి చరణానికి వచ్చేసరికి వేగం కాస్త మారుతుంది. వాటికి అనాలిసిస్ మోడ్‌ను నార్మల్ నుంచి డైనమిక్‌కు మార్చి మళ్లీ చేయిస్తున్నాను.

అసలు చిక్కు తీన్మార్, జానపదాల దగ్గరే. అవి ఎక్కువగా తిశ్ర నడక. ఒక్కో దెబ్బ లోపల మూడు భాగాలుంటాయి. సాఫ్ట్‌వేర్ వాటిని రెండేసి చొప్పున కట్టి లెక్కేస్తే, కాలితో తాళం వేస్తే నిమిషానికి 100 దెబ్బలు (బీపీఎం) వచ్చే పాటకు 150 చూపిస్తుంది. అలాంటివాటికి వేలితో ట్యాప్ చేసి అసలు బీపీఎం పట్టుకుని గ్రిడ్ నేనే పెడుతున్నాను. 'తిశ్రం' అని ట్యాగ్ కూడా వేస్తున్నా. బీపీఎం ఒకటే అయినా ఈ పాటల్ని నాలుగు దెబ్బల మామూలు బీట్ మీద ఎక్కువసేపు కలిపి ఉంచితే రెండు నడకలూ కొట్టుకుంటాయి. తిశ్రంలోంచి తిశ్రంలోకే నాలుగైదు పాటలు నడిపి, బయటికి వచ్చేటప్పుడు మొదటి దెబ్బ మీద కట్ చేయడమే నాకు నచ్చిన పద్ధతి. డప్పు మోగుతున్నప్పుడు ఆ ఊపు మధ్యలో చెడగొట్టకూడదు.

హాట్ క్యూలు (ఒక్క బటన్‌తో పాటలో ఆ చోటికి దూకే గుర్తులు) అన్ని పాటలకూ ఒకే వరుసలో: ఏ మొదటి బీట్, బీ పల్లవి, సీ రెండో బీజీఎం (మాటల మధ్య వచ్చే వాద్య సంగీతం), డీ బయటికి వెళ్లే చోటు. మన పాటలు చాలావరకు ఆలాపనతోనో డైలాగ్‌తోనో మొదలవుతాయి కాబట్టి ఏ లేకపోతే మిక్స్ చేయడం కష్టం.

కీ (పాట శ్రుతి) విషయంలో ఏది దేనితో కలుస్తుందో చూపే కామెలాట్ చక్రం చూస్తాను, అందులో ఏ అంటే మైనర్, బీ అంటే మేజర్: 8ఏ పక్కన 7ఏ, 9ఏ, 8బీ. మన పాటలకు సాఫ్ట్‌వేర్ చెప్పే కీ అప్పుడప్పుడు పక్కకు పోతుంది. మోహన రాగంలో ఐదు స్వరాలే. 'ద'ను షడ్జంగా పట్టుకుంటే అవే స్వరాలు శుద్ధ ధన్యాసి అవుతాయి. అందుకే 8బీ పాటను 8ఏ అని చూపించవచ్చు. మిక్స్‌కు ఇబ్బంది లేదు, ఆ రెండూ ఎలాగూ కలుస్తాయి. వేగం మార్చినా శ్రుతి మారకుండా ఉంచే మాస్టర్ టెంపో మాత్రం ఆన్‌లో ఉండాలి. లేకపోతే వేగం 6 శాతం పెంచేసరికి పాట అర స్వరం పైకి జరుగుతుంది.

ఎగుమతికి 32 జీబీ పెన్‌డ్రైవ్‌లు రెండు, రెండింటిలో అవే ప్లేలిస్టులు, రెండూ ఫ్యాట్32 ఫార్మాట్. పాత ప్లేయర్లు ఎక్స్‌ఫ్యాట్‌ను చదవవు. నాలుగు నిమిషాల 320 పాట దాదాపు 10 ఎంబీ కాబట్టి చోటుకు లోటు లేదు. పాటల ఫోల్డర్‌ను కంప్యూటర్‌లో ఒకసారి పెట్టాక కదపకండి, కదిపితే రెకార్డ్‌బాక్స్‌లో పాట పక్కన ఆశ్చర్యార్థకం పడి, రీలొకేట్ చేయాల్సి (ఫైల్ కొత్త చోటు చూపాల్సి) వస్తుంది. లైబ్రరీ బ్యాకప్ విడిగా ఒక హార్డ్ డిస్క్‌లో ఉంచుతున్నాను.

ప్రస్తుతం 90ల పాటల మీద ఉన్నాను. ఆలాపన పొడుగ్గా ఉన్నవాటికి ముందు ఎనిమిది బార్ల బీట్ అతికించి ఎడిట్లు చేస్తున్నా. తర్వాత బతుకమ్మ పాటలు, వాటికి చప్పట్ల వేగాన్ని బట్టి విడిగా ప్లేలిస్ట్ కట్టాలి.