నిప్పుకోడి బొమ్మ: కాళ్లతో మొదలుపెడదాం

నిప్పుకోడిని గీసేటప్పుడు పిల్లలకు పొట్ట, మెడ సులువుగానే కుదురుతాయి. చిక్కంతా కాళ్ల దగ్గరే వస్తుంది. అందుకే మా ఇంట్లో పిల్లలచేత నేను ఈ బొమ్మను కాళ్లతోనే మొదలుపెట్టిస్తాను. కాలి నడుమ వెనక్కి మడిచినట్లు కనిపించే కీలును చాలామంది మోకాలనుకుంటారు గాని, అది నిజానికి చీలమండ. అసలు మోకాలు పొట్టను ఆనుకొని ఈకల చాటున ఉంటుంది. ఇది తెలిశాక ఆ కీలును ఎటు వంచాలన్న సందేహం తీరిపోతుంది. ఆ కీలుకు పైభాగాన్ని లావుగా, ఈకలు లేకుండా గీసి, కింది కాలిని సన్నగా దించాలి. పాదానికి రెండే వేళ్లు: లోపలిది పెద్దది, బలమైన గోరున్నది, బయటిది చిన్నది. ఎగరలేని ఈ పక్షి ఆఫ్రికా మైదానాల్లో గంటకు సుమారు 70 కిలోమీటర్ల వేగంతో పరుగెత్తేది ఆ వేళ్ల ఊతంతోనే.

తలను ఎంత చిన్నగా గీసినా పరవాలేదు, కన్ను మాత్రం పెద్దదిగా ఉండాలి. దాదాపు 5 సెంటీమీటర్ల వ్యాసమున్న ఆ కన్ను దాని మెదడుకన్నా పెద్దది. పొడవాటి రెప్పవెంట్రుకలు గీసే పనిని పిల్లలకే వదిలేయండి, వాళ్లకు అదే సరదా.

ఈకలకు పదునైన గీతలు పనికిరావు. ఎగిరే పక్షుల ఈకల్లో పోగులను ఒకదానితో ఒకటి పట్టి ఉంచే సన్నని కొక్కేలు ఉంటాయి. నిప్పుకోడి ఈకల్లో అవి లేనందువల్ల పోగులు విడివిడిగా, మెత్తగా వేలాడుతాయి. పెన్సిలును పక్కకు వాల్చి రుద్ది, వేలితో కాస్త అలికితే ఆ మెత్తదనం వస్తుంది. మగదానికి నలుపు వేసి, రెక్కల చివరలను, తోకను తెల్లగా వదలాలి. ఆడదానికి బూడిద కలిసిన గోధుమరంగు చాలు.

ఇసుకలో తల దూర్చినట్లు గీస్తామని పిల్లలు తప్పక అడుగుతారు. నిప్పుకోడి అలా చేయదు. నేలలో చేసుకున్న గుంటలోని గుడ్లను ముక్కుతో తిప్పేటప్పుడు దూరం నుంచి అలా కనిపిస్తుంది, అంతే. కాబట్టి ఆ గుంటనూ గుడ్లనూ కూడా గీయించండి. ఒక్కో గుడ్డు సుమారు 15 సెంటీమీటర్ల పొడవుతో, రెండు డజన్ల కోడిగుడ్లంత బరువుంటుంది. మన ప్రకాశం జిల్లాలోనూ వేల ఏళ్ల నాటి నిప్పుకోడి గుడ్ల పెంకులు శిలాజాలుగా దొరికాయని చెబితే పిల్లలు మొదట నమ్మరు. మీగడరంగు వేశాక పెంకుపై చిన్న చుక్కలు పెట్టించాలి. అసలు పెంకు మీద కూడా సన్నని గుంటలుంటాయి.