పాస్‌పోర్టులో ఒక ఇంటిపేరు, పర్సులో మరో ఇంటిపేరు

ఈ అమెరికా ప్రయాణం నాటికి నా పాస్‌పోర్టులో ఉన్నది పుట్టింటి ఇంటిపేరు. డ్రైవింగ్ లైసెన్సు, బ్యాంకు కార్డులు, ఆఫీసు గుర్తింపు కార్డు పెళ్లయ్యాక మారిన పేరుతో ఉన్నాయి. పాస్‌పోర్టుకు గడువు ఇంకా చాలా ఉంది. అమెరికా వీసా ఉన్నదీ అందులోనే. పేరు మార్పించుకుని కొత్త పాస్‌పోర్టుతో వెళ్లడమా, ఉన్నదానితోనే వెళ్లడమా అంటే, ఉన్నదానితోనే అనుకున్నాం. పాస్‌పోర్టు, వీసా, టికెట్ ఈ మూడూ ఒకే పేరు చెబితే సరిహద్దు దాటడానికి ఇబ్బంది ఉండదు. పర్సులోని మిగతా కార్డుల సంగతి ఏ ఇమిగ్రేషన్ అధికారికీ పట్టదు. పెళ్లయింది కాబట్టి టికెట్ కూడా కొత్త పేరుతోనే తీయాలనుకునేవాళ్లే చాలామంది విమానాశ్రయంలో ఇరుక్కుంటారు.

టికెట్ బుక్ చేసేటప్పుడు పాస్‌పోర్టు ఫోటో పేజీ తెరిచి ముందు పెట్టుకున్నాం. చూడాల్సింది పైన అందంగా అచ్చయిన పేరు కాదు, అట్టడుగున బాణం గుర్తులతో ఉండే రెండు వరుసలు. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ పెట్టిన కొలత ప్రకారం ఒక్కో వరుసలో 44 గళ్లు. మొదటి వరుసలో పేరుకు మిగిలేవి 39. ముందు ఇంటిపేరు, తర్వాత పక్కపక్కనే రెండు బాణాలు, ఆ తర్వాత సొంత పేరు. పేరులో మాటకూ మాటకూ మధ్య ఒక్క బాణమే ఉంటుంది. కాబట్టి జంట బాణాలకు ముందున్నది టికెట్లో ఇంటిపేరు గడిలోకి, తర్వాతున్నది రెండో గడిలోకి వెళ్లాలి. ఇంట్లో ఎలా పిలుస్తారు, బ్యాంకులో ఏ వరసలో రాశారు అన్నది ఇక్కడ అనవసరం.

ఇంకో విశేషం. రెండో వరుసలో పాస్‌పోర్టు నంబరు, పుట్టినతేదీ, గడువు తేదీ పక్కన ఒక్కో సరిచూపు అంకె ఉంటుంది. అక్కడ ఏదైనా తేడా వస్తే యంత్రమే పట్టేస్తుంది. పేరుకు అలాంటి అంకె లేదు. అందుకే యంత్రం నంబరును తప్పు చదివితే వెంటనే పట్టుబడుతుంది కానీ, ఆన్‌లైన్ చెక్-ఇన్‌లో మనం ఇంటిపేరు తప్పు కొడితే చాలాసార్లు చప్పుడు లేకుండా ముందుకు వెళ్లిపోతుంది. ఆ తేడా బయటపడేది కౌంటర్ దగ్గర, సామాను తూకం మీద పెట్టాక.

ఈ తప్పు ఎక్కువగా జరిగేది మనం టైప్ చేసేటప్పుడు కాదు. ఎయిర్‌లైన్ ఖాతాలోకి లాగిన్ అయి బుక్ చేస్తే, ఆ ఖాతాలో ఉన్న పేరు దానంతటదే వచ్చి కూర్చుంటుంది. విమాన ప్రయాణాలకు పాయింట్లు జమయ్యే నా మైలేజీ ఖాతా కొత్త పేరుతో ఉంది. కాబట్టి లాగిన్ కాకుండా బుక్ చేసి, మెయిల్లో వచ్చిన టికెట్‌ను పాస్‌పోర్టుతో అక్షరం అక్షరం పోల్చుకున్నాం. ఈ పోల్చే పని ఆ రోజే అయిపోవాలి. అమెరికాకు వచ్చేపోయే విమానాల్లో, ప్రయాణానికి కనీసం 7 రోజుల ముందు నేరుగా ఎయిర్‌లైన్ దగ్గర కొన్న టికెట్‌ను 24 గంటల్లోపు రద్దు చేస్తే మొత్తం డబ్బు వెనక్కి ఇవ్వాలి. లేదంటే డబ్బు తీసుకోకుండా 24 గంటలు ఆ రేటు పట్టి ఉంచాలి. ఎయిర్‌లైన్ ఈ రెండింటిలో ఒకటి పాటించాలన్నది అక్కడి నిబంధన. ఆ గడువు దాటాక రెండు మూడు అక్షరాల పొరపాటును చాలా ఎయిర్‌లైన్లు సరిచేస్తాయి కానీ, ఇంటిపేరు మొత్తం మార్చమంటే పెళ్లి సర్టిఫికెట్ అడుగుతాయి. ప్రయాణంలో ఒక అంచె వేరే ఎయిర్‌లైన్‌ది అయితే టికెట్ మళ్లీ జారీ చేయాల్సి రావచ్చు. ఏజెంటు దగ్గర కొన్న టికెట్ అయితే ఏజెంటు దగ్గరికే తిరగాలి.

టికెట్ మీద పేరు వెనకే 'మిసెస్' అతుక్కుని ఒకే మాటలా కనిపించినా, సొంత పేరులోని రెండు మాటలు కలిసిపోయినా కంగారు పడక్కర్లేదు. బోర్డింగ్ పాసు బార్‌కోడ్‌లో పేరుకు 20 అక్షరాలే పడతాయి. పొడుగు పేర్లు మధ్యలోనే తెగిపోతాయి. ఇది రోజూ చూసేదే కాబట్టి సిబ్బంది పట్టించుకోరు.

చెక్-ఇన్ కౌంటర్ దగ్గర అంత పట్టుదల ఎందుకో తెలిస్తే వాళ్ల మీద కోపం రాదు. సరైన పత్రాలు లేని ప్రయాణికుణ్ణి తీసుకెళ్తే ఎయిర్‌లైన్‌కే జరిమానా, వెనక్కి తీసుకురావాల్సిందీ వాళ్లే. పైగా మన పాస్‌పోర్టు వివరాలు విమానం బయలుదేరక ముందే గమ్యం దేశానికి వెళ్లిపోతాయి. అక్కడికి పంపిన పేరు, టికెట్ పేరు, చేతిలోని పుస్తకం ఒకటి కావాలి. మావి ఒకటే కాబట్టి పెళ్లి సర్టిఫికెట్ సంచిలోంచి తీసే పనే పడలేదు.

అయినా అది వెంట ఉండాల్సిందే, చెక్-ఇన్ సామానులో కాదు, చేతి సంచిలో. ఇక్కడ చాలామందికి తట్టని మెలిక ఒకటుంది. పెళ్లి సర్టిఫికెట్లో తరచు పెళ్లికి ముందు పేర్లే ఉంటాయి. పెళ్లయిందని అది చెబుతుంది, పేరు మారిందని చెప్పదు. భర్త ఇంటిపేరు అందులో ఉంది కదా, అర్థం చేసుకుంటారులే అనుకోవచ్చు. ఇంటిపేరు ఒక్కటే మారినవాళ్లకు అది చాలావరకు సరిపోతుంది. సొంత పేరు కూడా మారినా, ఇంటిపేరు స్థానం అటూ ఇటూ అయినా సరిపోదు. పాత పేరు, కొత్త పేరు రెండూ ఒకే కాగితం మీద, సంతకం ముద్రలతో ఉండాలి. పేరు మార్పు ప్రకటన, కోర్టు ఉత్తర్వు, ప్రమాణపత్రం, ఏ దేశంలో ఏది చెల్లితే అది. సర్టిఫికెట్ ఇంగ్లీషులో గానీ గమ్యం దేశం భాషలో గానీ లేకపోతే ధ్రువీకరించిన అనువాదం జతచేయాలి. పత్రం వేరే దేశంలో చెల్లేలా 1961 నాటి హేగ్ ఒప్పందం ప్రకారం వేసే ధ్రువీకరణ, అంటే అపోస్టిల్ ముద్ర విమానాశ్రయంలో ఎవరూ అడగరు. నివాస అనుమతి, అక్కడ ఉద్యోగం, భార్యాభర్తల వీసా లాంటి వాటికి దరఖాస్తు పెట్టేటప్పుడు దాని అవసరం పడుతుంది.

కొన్ని పాస్‌పోర్టుల్లో జీవిత భాగస్వామి పేరో, 'మరో పేరు' అన్న గమనికో వేరే పేజీలో ఉంటుంది. మనిషికి చూపించడానికి పనికొస్తుంది, అంతే. బాణాల వరుసలు చదివే యంత్రానికి ఆ పేజీ ఉన్నట్టే తెలియదు. దాన్ని నమ్ముకుని ఆ పేరుతో టికెట్ తీయకూడదు.

అమెరికాలో దిగిన చోట అధికారి వీసా, పాస్‌పోర్టు చూసి వేలిముద్రలు తీసుకున్నారు. వీసా దరఖాస్తు డీఎస్-160లో 'ఇంతకుముందు గానీ ఇప్పుడు గానీ వేరే పేర్లు వాడారా' అన్న ప్రశ్న ఉంటుంది. రెండో పేరు అప్పటికే వాడుకలో ఉంటే అక్కడ రాయాల్సిందే. వీసా అక్కర్లేని దేశాలవాళ్లు ఆన్‌లైన్‌లో తీసుకునే ముందస్తు అనుమతి ఈస్టాతో వెళ్లేవాళ్లకూ అదే ప్రశ్న వస్తుంది. దాచడానికి ఏమీ లేని విషయాన్ని రాయకుండా వదిలేస్తే, తర్వాత అది దాచినట్టు కనిపిస్తుంది. బయటికి వచ్చాక ఫోన్లోనే ఐ-94 (దేశంలోకి వచ్చినట్టు నమోదయ్యే రికార్డు) తెరిచి పేరు, అనుమతించిన గడువు చూసుకున్నాం. అందులో తప్పుంటే సరిహద్దు రక్షణ విభాగం వాళ్ల కార్యాలయంలో సరిచేయించుకోవచ్చు. తిరుగు ప్రయాణం దాకా ఆగితే అనవసరపు చిక్కు.

అక్కణ్ణించి దేశం లోపలి విమానం. భద్రతా తనిఖీలో లైసెన్సు చూపించడం చాలామందికి అలవాటు. నా లైసెన్సు కొత్త పేరుతో ఉంది, బోర్డింగ్ పాసు పాత పేరుతో ఉంది. ఈ టికెట్ కూడా పాస్‌పోర్టు పేరుతోనే తీశాం కాబట్టి ఇక్కడ కూడా పాస్‌పోర్టే చూపించాలి.

అసలు తిరకాసు కారు అద్దె దగ్గర. ఇక్కడ సూత్రం తలకిందులవుతుంది. విమానానికి పాస్‌పోర్టు ఎలాగో కారుకు లైసెన్సు అలాగ. లైసెన్సు, క్రెడిట్ కార్డు, బుకింగ్ మూడూ ఒకే పేరుతో ఉండాలి. కాబట్టి కారు బుకింగ్ కొత్త పేరుతో చేశాం. అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ కూడా లైసెన్సు పేరుతోనే వస్తుంది. అది లైసెన్సుకు అనువాదం లాంటిది, విడిగా చెల్లదు. 1949 నాటి జెనీవా రోడ్డు రవాణా ఒప్పందం ప్రకారం ఇచ్చే పర్మిట్ గడువు ఒక ఏడాది. కౌంటర్లో పాస్‌పోర్టు కూడా అడిగారు. అందులో వేరే ఇంటిపేరు కనిపించింది. పెళ్లి సర్టిఫికెట్ బయటికి తీసింది ప్రయాణం మొత్తంలో ఇక్కడే. గుమాస్తా లైసెన్సు ఫోటో, పాస్‌పోర్టు ఫోటో పక్కపక్కన పెట్టి, రెండింట్లో పుట్టినతేదీ వేలితో చూసుకుని, సర్టిఫికెట్ జిరాక్సు తీసుకున్నాడు. పుట్టినతేదీ రెండింట్లో ఒకటి కాకపోతే ఏ సర్టిఫికెట్టూ కాపాడేది కాదు. అందుకే బయలుదేరక ముందే అన్ని కార్డుల్లో పుట్టినతేదీ సరిచూసుకోవడం మేలు. ఈ తలనొప్పి వద్దనుకుంటే భర్త పేరుతో కారు తీసుకుని, భార్యను రెండో డ్రైవరుగా రాయించవచ్చు. దానికి కొన్నిచోట్ల అదనపు రుసుము ఉంటుంది.

హోటల్ సంగతి తేలిక. బుకింగ్ ఎవరి పేరున ఉన్నా, అతిథుల జాబితాలో నా పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టు రాయమని ముందే మెయిల్ పెట్టాం. ప్రయాణ బీమా కూడా పాస్‌పోర్టు పేరుతోనే తీసుకోవాలి. ఆసుపత్రి బిల్లు ఆ పేరుతోనే వస్తుంది. క్లెయిము డబ్బు పడే బ్యాంకు ఖాతా కొత్త పేరుతో ఉంటే, ఆ రెండు పేర్ల కాగితం మళ్లీ కావాలి.

పిల్లలతో వెళ్లేవాళ్లకు ఇంకో అడుగు ఉంది. పిల్లలది తండ్రి ఇంటిపేరు, తల్లి పాస్‌పోర్టులో పుట్టింటి పేరు అయితే, తల్లి ఒక్కతే పిల్లలతో వెళ్తున్నప్పుడు ప్రశ్నలు వస్తాయి. పిల్లల జనన ధ్రువీకరణ పత్రం, తండ్రి సమ్మతి లేఖ ఉండాలి. ఆ పత్రంలో తల్లి పేరు కొత్తదిగా రాసి ఉంటే పెళ్లి సర్టిఫికెట్ కూడా తోడు కావాలి. కొన్ని దేశాలు అడిగే యెల్లో ఫీవర్ టీకా పుస్తకం 2016 జూలై నుంచి జీవితాంతం చెల్లుతోంది. అంటే పాత పేరుతో తీసుకున్న పుస్తకం కొత్త పాస్‌పోర్టు పక్కన ఎప్పటికీ పాత పేరే చెబుతూ ఉంటుంది.

మా దారికి ఎదురుదారిలో, ముందే పాస్‌పోర్టు మార్చుకుని వెళ్లేవాళ్లు చూడాల్సినవి వేరు. ఈస్టా పాస్‌పోర్టుకు ముడిపడి ఉంటుంది. కొత్త పాస్‌పోర్టు వచ్చినా, పేరు మారినా మళ్లీ కొత్తగా తీసుకోవాలి. కెనడా వాళ్ల అలాంటి ముందస్తు అనుమతి ఈటీఏ కూడా పాస్‌పోర్టుతో పాటే మారాలి. అమెరికా వీసా పాత పుస్తకంలో చెల్లుబాటులో ఉంటే రెండు పుస్తకాలూ పట్టుకెళ్లవచ్చు. కానీ పేరు మారినవాళ్లు కొత్త వీసా తీసుకోవడమే మంచిదని అక్కడి విదేశాంగ శాఖే చెబుతుంది. వీసా ఉన్న పేజీని మాత్రం పాత పుస్తకం నుంచి విడదీయకూడదు. బ్రిటన్ పౌరులకు పెళ్లికి 3 నెలల ముందే కొత్త పేరుతో పాస్‌పోర్టు తీసుకునే వీలుంది. అయితే పాతది రద్దవుతుంది, కొత్తది పెళ్లి రోజు దాకా చెల్లదు, కొన్ని దేశాలు అలాంటి పుస్తకంలో వీసా వేయవు. పెళ్లైన వెంటనే ప్రయాణం పెట్టుకున్నవాళ్లు పాత పేరుతోనే వెళ్లి రావడం సుఖమని నా అభిప్రాయం.

తిరిగొచ్చాక మిగిలింది మైలేజీ పాయింట్లు. ఖాతాలో కొత్త పేరు, టికెట్లో పాత పేరు ఉంటే అవి జమ కావు. బోర్డింగ్ పాసు, టికెట్ నంబరు, రెండు పేర్ల కాగితం జతచేసి తర్వాత అడగవచ్చు. దానికి ఒక్కో ఎయిర్‌లైన్ ఒక్కో గడువు పెడుతుంది కాబట్టి, పాయింట్లు ఖాతాలో కనబడేదాకా బోర్డింగ్ పాసు ముక్కలు పారేయకూడదు.