సాంచె ఆగినా చెవిలో మోత ఆగలేదు: నా అనుభవం

సిరిసిల్లలో ఇరవై రెండేళ్లు సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపాను. బతుకమ్మ చీరల ఆర్డర్లున్న నెలల్లో రోజుకు పన్నెండు గంటలు షెడ్డులోనే. ఇంటికొచ్చి పడుకుంటే రెండు చెవుల్లో కీచురాళ్లు. పగలు అంతగా తెలియదు, ఊరు సద్దుమణిగాక మొదలయ్యేది. మూడు నెలలు సరిగ్గా నిద్ర లేదు. మెడికల్ షాపతను ఇచ్చిన చుక్కల మందు మూడు సీసాలు పోసుకున్నాను. ఆ డబ్బు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

చెవుల డాక్టరు గులిమి తీసి, వినికిడి పరీక్షకు రాశాడు.

నా పరువు పోయింది అక్కడే. చిన్న గది, చెవులకు హెడ్‌ఫోన్లు, చేతిలో బటన్. శబ్దం వినిపిస్తే నొక్కాలి. సన్నగా ఒకటే కూత. నా చెవిలో మోగేదీ అచ్చం అదే! ఏది మిషన్‌దో, ఏది నాదో ఎలా తెలియాలి? తోచినప్పుడల్లా నొక్కాను. పరీక్ష చేసే అమ్మాయి తలుపు తీసి, "శబ్దం పెడితే ఊరుకుంటారు, పెట్టకపోతే నొక్కుతారు. సదరం వైకల్య సర్టిఫికెట్ కోసం నాటకమా?" అంది. బయట బెంచీ మీద పదిమంది ఉన్నారు, వాళ్లలో మా ఇంటామె కూడా. ఎనిమిది సాంచాల మోతలో ఏది తేడాగా కొడుతోందో చెవితోనే చెప్పేవాణ్ణి నేను. నోట మాట రాలేదు. లేచి వచ్చేశాను.

వారం తర్వాత వేరేచోట ఒక పెద్దాయన, "నీ చెవిలోది ఆగకుండా మోగుతుంది, నేను ఆగి ఆగి మోగేది పెడతాను, దానికే నొక్కు" అన్నాడు. అంతే, పరీక్ష ఇట్టే అయిపోయింది. రిపోర్టులో 4000 హెర్ట్జ్ దగ్గర, అంటే సన్నటి కూత దగ్గర, గీత గుంటలా దిగింది. అక్కడ వినికిడి తగ్గిందన్నమాట. మోతలో పనిచేసినవాళ్లకు ఎక్కువగా అక్కడే దిగుతుందట. మీకూ చెవిలో మోత ఉంటే ఈ సంగతి ముందే చెప్పి, ఆగి ఆగి వచ్చే శబ్దమే పెట్టమనండి. మొహమాటపడకండి.

ఆయన చెప్పిన ఉపాయం, రాత్రంతా పక్కన సన్నటి చప్పుడు ఉంచుకోవడం. గది నిశ్శబ్దంగా ఉంటే మెదడు చెవిలోని మోతనే పట్టుకుని కూర్చుంటుందట. అలాగని దాన్ని ముంచేసేంత గట్టిగా పెట్టకూడదు. రెండూ వినిపించాలి. మొదటి రాత్రి ఫోన్‌లో వాన చప్పుడు పెట్టాను. అరగంటకు టైమర్ ఆగింది, నాకు మెలకువ వచ్చింది. రెండో రాత్రి వానతో పాటు ఉరుములు. మూడో రాత్రి వైట్ నాయిస్ పెడితే దూరంగా షెడ్డు నడుస్తున్నట్టే ఉంది. నిద్రలో తెగిన పోగు ముడేస్తున్నట్టు వేళ్లాడించానట, మా ఇంటామె చెప్పి నవ్వింది. చివరికి వాగు చప్పుడు కుదిరింది. ఆమె నిద్ర చెడకుండా దిండు కింద పెట్టే చిన్న స్పీకరు కొన్నాను.

రెండు నెలలైంది. మోత పోలేదు, కానీ అరగంటలో నిద్ర పడుతోంది. పూర్తిగా పోగొడతామని నలభై వేలడిగిన దుకాణం ఒకటుంది, అలాంటివాళ్ల గడప తొక్కకండి. ఒక్క చెవిలోనే మోగినా, నాడితో పాటు కొట్టుకున్నా స్పీకర్లు తర్వాత, ముందు డాక్టరు దగ్గరికి పోండి. షెడ్డులో కుర్రాళ్లకు ఇయర్ ప్లగ్స్ పెట్టుకోమంటే నన్ను చూసి నవ్వుతున్నారు. నేనూ అలాగే నవ్వాను.

ఆ మొదటి రిపోర్టు బీరువాలోనే ఉంది. అడుగున ఇంగ్లీషులో ఏదో రాసి ఉంటే మొన్న మా అబ్బాయి చదివి చెప్పాడు: "పేషెంటు సహకరించలేదు."