బావురుపిల్లి కోసం వెళితే

"నీళ్ళు రానీయండి బాబూ, అప్పటిదాకా పడవ కదలదు" అన్నాడు పడవాయన, బీడీ వెలిగించుకుంటూ. అప్పటికి ఎనిమిదైంది. బెజవాడ బస్టాండులో చీకటితో బస్సెక్కి, అవనిగడ్డలో మారి, నాగాయలంక దాటి రేవుకి చేరితే కాలవలో బురద తప్ప ఏమీ లేదు. ముందురోజు ఫోన్లో "పొద్దున్నే వచ్చేయండి" అన్నది ఈయనే. నీళ్ళు ఎక్కే పోటూ, తీసే పాటూ సంగతి అప్పుడే చెబితే ఇంకో రెండు గంటలు పడుకునేవాళ్ళం. పైగా పడవకి రెండు వేలు! బేరమాడితే పద్దెనిమిది వందలకి దిగాడు.

మేం వెళ్ళింది బావురుపిల్లి కోసం. కృష్ణా నది సముద్రంలో కలిసే చోట 194 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం, అందులో మడ అడవి. నీళ్ళలోకి దూకి చేపలు పట్టే ఈ పిల్లి అక్కడ ఉంటుంది. అది రాత్రిళ్ళు తిరిగే జంతువని తెలిసి కూడా మా బావమరిది రోజు అద్దె కట్టి బారెడు లెన్సు తెచ్చాడు.

చేసేదేం లేక గట్టు మీద కూలబడ్డాం. కాసేపటికి బురద కదిలింది. చూపుడువేలంత చేపలు! కళ్ళు నెత్తి మీద, ముందు రెక్కలతో పాకుతున్నాయి. ఒకదానికొకటి ఎదురైతే వీపు మీది రెక్క నిక్కబొడిచి గెంతుతున్నాయి. ఒళ్ళు తడిగా ఉన్నంతసేపూ వాటికి ఒడ్డున కూడా ఊపిరాడుతుందట. పక్కనే పీతలు. మగవాటికి ఒక డెక్క ఒంటికి మించినంత పెద్దది, దాన్ని ఆపకుండా ఊపుతూనే ఉన్నాయి, బస్సు ఆపమన్నట్టు. ఇంత దగ్గరివాటికి ఆ లెన్సు పనికిరాలేదు. బావమరిది బోర్లా పడుకుని ఫోనుతో తీసుకున్నాడు, చొక్కా సంగతి చెప్పక్కర్లేదు.

పడవాయనకీ తోచలేదేమో, తెల్లమడ ఆకు తుంచి నాకమన్నాడు. ఉప్పు! "చెట్టు తాగిన ఉప్పు ఆకులోంచి కక్కుద్ది" అన్నాడు. నేలలోంచి పైకి పొడుచుకొచ్చిన పుల్లలు ఎండుకొమ్మలనుకున్నాను, అవి గాలి పీల్చుకునే వేళ్ళట. తిల్ల చెట్టు జోలికి మాత్రం వెళ్ళనివ్వలేదు, పాలు కంట్లో పడితే చూపు పోతుందని.

ఈ ప్రాంతమే దివిసీమ. దివిసీమ అంటే మా ఇంట్లో 1977 ఉప్పెనే. నవంబరులో గాలి గట్టిగా వీస్తే చాలు, అమ్మ ఇప్పటికీ ఆ మాటే ఎత్తుతుంది. పడవాయన్ని దాని గురించి అడిగాను.

"నాకప్పుడు ఎనిమిదేళ్ళు. మడ మందంగా ఉన్నకాడ అల జోరు కాస్త తగ్గింది. లేనికాడ ఏం మిగల్లా. ఆ తర్వాత కూడా కట్టెలకని కొడతానే ఉన్నాం" అని ఆగాడు. బీడీ ఎప్పుడో ఆరిపోయింది. మీవాళ్ళు ఎవరైనా పోయారా అని అడగబోయి మానేశాను.

పదిన్నరకి చప్పుడు లేకుండా నీళ్ళొచ్చాయి. పడవ తిరిగింది గంటసేపు. కొంగలు, లకుముకి పిట్టలు, ఒకచోట ఒడ్డున అడుగుజాడలు. నక్కవేమో అన్నాను. "నక్కదో పిల్లిదో రాత్రి చూసినోడే చెప్పాల. మా వలలో చేపలు తినేది మాత్రం పిల్లే" అన్నాడు.

డబ్బులిచ్చేటప్పుడు, "ఈసారి నీళ్ళెప్పుడుంటాయో ముందే చెబుతాలే బాబూ" అన్నాడు, మొహమాటంగా.

మా వాడు చొక్కాకి ఎండిన బురద దులుపుకుంటూ, "పాటు ఎప్పుడో చెప్పు బాబాయ్" అన్నాడు.