రూట్ పాస్‌వర్డ్ పెట్టి ఇరుక్కున్నా, మళ్ళీ దాంతోనే బయటపడ్డా

పాత ల్యాప్‌టాప్‌లో డెబియన్ 10 అనే లినక్స్ వేస్తుంటే ఇన్‌స్టాలర్ రూట్ (అన్ని అధికారాలూ ఉన్న అడ్మిన్ ఖాతా) పాస్‌వర్డ్ అడిగింది, ఏదో ఒకటి కొట్టేశా. ఆ గడి ఖాళీగా వదిలేస్తే మొదటి యూజర్‌ని అదే సుడో గ్రూప్‌లో, అంటే రూట్ అధికారంతో కమాండ్లు నడపగలిగే వాళ్ళ గ్రూప్‌లో, చేరుస్తుందట, పాస్‌వర్డ్ ఇస్తే చేర్చదట, నాకేం తెలుసు. ఉబుంటు అనే ఇంకో లినక్స్ అలవాటు కదా, సుడో పెట్టి ఆప్ట్ (ప్యాకేజీలు వేసే టూల్) అప్‌డేట్ కొట్టా, పాస్‌వర్డ్ టైప్ చేస్తుంటే చుక్కలు కూడా పడవు, ఎంటర్ కొడితే నువ్వు సుడోయర్స్ ఫైల్లో (సుడో ఎవరు వాడొచ్చో రాసుండే ఫైల్) లేవు, ఈ సంగతి రిపోర్ట్ చేస్తాం అంది. ఎవరికి చేస్తావమ్మా, ఇక్కడ అడ్మిన్ కూడా నేనేగా.

సరే అని, యూజర్ మార్చే ఎస్‌యూ (su) కమాండ్ కొట్టి రూట్ అయ్యా. నన్ను నేను సుడో గ్రూప్‌లో చేర్చుకుందామని యూజర్‌మాడ్ (usermod) అంటే కమాండ్ నాట్ ఫౌండ్! రూట్‌కే దొరక్కపోతే ఇంకెవరికి దొరుకుతుంది అని అరగంట జుట్టు పీక్కున్నా. డెబియన్ 10 నుంచి ఉత్త ఎస్‌యూ కొడితే మన యూజర్ PATH (కమాండ్లు ఎక్కడ వెతకాలో చెప్పే ఫోల్డర్ల లిస్ట్) అలాగే మిగుల్తుంది, అందులో ఇలాంటి అడ్మిన్ కమాండ్లుండే ఎస్‌బిన్ ఫోల్డర్లు ఉండవు. ఎస్‌యూ తర్వాత స్పేస్ ఇచ్చి చిన్న గీత పెట్టాలి (su -), అంతే.

ఆ తొందర్లో ఇంకో ఘనకార్యం చేశా. యూజర్‌మాడ్‌కి పెద్ద జీ (-G) ఒక్కటే ఇచ్చా, చిన్న ఏ (-a) మర్చిపోయా. -a ఉంటేనే ఉన్న గ్రూపులకి కలుపుతుంది, లేకపోతే ఆడియో, వీడియో, ప్లగ్‌డెవ్ లాంటి గ్రూపులన్నిట్లోంచీ పీకేసి సుడో ఒక్కటే ఉంచుతుంది. పాత లిస్ట్ రాసుకోలేదు, కానీ ఈటీసీ (/etc) ఫోల్డర్లో గ్రూప్ ఫైల్ పక్కనే పేరు చివర గీతతో బ్యాకప్ కాపీ ఒకటి ఉంటుంది, అందులో చూసి మళ్ళీ అన్నీ చేర్చి, లాగౌట్ అయి వస్తే సుడో పనిచేసింది.

అక్కడితో ఊరుకోవచ్చుగా! ఆప్ట్‌కి ప్రతిసారీ పాస్‌వర్డ్ ఎందుకని సుడోయర్స్ ఫైల్‌ని నేరుగా నానో అనే మామూలు ఎడిటర్లో తెరిచి ఒక లైన్ రాశా, అందులో ఈక్వల్ గుర్తు ఎగిరిపోయింది. సేవ్ చేశాక సుడో మొత్తం మొరాయించింది, దాన్ని బాగుచేద్దామంటే మళ్ళీ సుడోయే కావాలి. ఇందాక తిట్టుకున్న రూట్ పాస్‌వర్డే అప్పుడు కాపాడింది. గీతతో ఎస్‌యూ కొట్టి, సుడోయర్స్ ఫైల్ మార్చడానికే ఉన్న విసుడో (visudo) తెరిచి సరిచేశా. అది సేవ్ చేసే ముందు తప్పుందేమో చూస్తుంది, ఉంటే ఏం చేద్దామని అడుగుతుంది, e నొక్కితే మళ్ళీ ఎడిట్, x నొక్కితే మార్పులు వదిలేస్తుంది.

ఆ లైన్ కూడా పీకేశా. ప్యాకేజీల స్క్రిప్టులు రూట్‌గానే నడుస్తాయి కాబట్టి ఆప్ట్‌కి పాస్‌వర్డ్ తీసేస్తే ఇంటి తాళాలు ఇచ్చేసినట్టే. ఇప్పుడు ఆ ఫైల్ ముట్టుకుంటే పక్కన ఇంకో టెర్మినల్‌లో రూట్ తెరిచే ఉంచుతున్నా, కొత్త టెర్మినల్‌లో సుడో పనిచేసిందని చూశాకే దాన్ని మూస్తా.