కమిలిన చేయి, పడిన నింద: నా అనుభవం

నిన్ననే ఆసుపత్రికి చివరిసారి వెళ్ళి వచ్చాము. కోపం చల్లారకముందే రాస్తున్నాను.

మాది చిత్తూరు, కట్టమంచి. 79 ఏళ్ళ మా అమ్మ, నిరుడు గుండెకు స్టెంటు వేసినప్పటి నుండి రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ మాత్రలు వాడుతున్నది. రెండు వారాల క్రితం రాత్రి బాత్‌రూముకు లేచినప్పుడు ఇనుప మంచం అంచుకు ఆమె మోచేయి కొట్టుకున్నది. చర్మం చిట్లలేదు. ఎదురింటావిడ వచ్చి, వద్దన్నా వినకుండా, ఉప్పుమూటతో కాపడం పెట్టి, ఆముదం రాసి గట్టిగా రుద్దింది. మందుల అంగడి అబ్బాయి చీటీ అడగకుండానే డైక్లోఫెనాక్ అనే నొప్పిమాత్ర ఇచ్చాడు. తెల్లారేసరికి చేయి నేరేడుపండు రంగుకు తిరిగింది. నేను బాల్‌పెన్నుతో ఆ మచ్చ అంచు వెంబడి గీత గీసి తేదీ వేశాను; నాలుగో రోజుకు నలుపు ఆ గీత దాటి, దెబ్బే తగలని మణికట్టు దాకా దిగింది. ఆటోలో ఆసుపత్రికి పరుగెత్తాము.

ఓపీ చీటీ పది నిమిషాల్లో దొరికింది. ఆ తర్వాత వరుసలో, అమ్మ చీరకొంగు తొలగి చేయి కనబడగానే, నర్సు అందరూ వినేలా "ఎవురు కొట్టినారవ్వా?" అని అడిగింది. చెవుడున్న అమ్మకు అది "ఎవురు పట్టుకొచ్చినారు?" అని వినిపించినట్టున్నది. నా వైపు చేయి చూపి, ముఖం వికసించగా, "మా పెద్దోడేమ్మా, వాడు కాకుండా ఇంకెవరున్నారు!" అన్నది. బెంచీ మీదివాళ్ళంతా నా వైపు తిరిగారు. ఒక పెద్దాయన "కన్నతల్లిని గదయ్యా" అన్నాడు. ముప్పై ఏళ్ళు బడిలో పాఠాలు చెప్పిన నాకు ఒక్క మాట పెగలలేదు. వృద్ధులను కొట్టేవాళ్ళున్నారు కనుక అడగవలసిందే. కానీ పక్కకు పిలిచి అడగరాదా?

డాక్టరు మాత్రం నా గీత చూసి మెచ్చుకున్నాడు. వయసుతో చర్మం పలచబడి సన్నని రక్తనాళాలు సులభంగా తెగుతాయనీ, రక్తం గడ్డకట్టకుండా చేసే మందుల వల్ల లోపల ఎక్కువగా కారుతుందనీ, ఆ రక్తమే బరువుకు కిందికి జారిందనీ, విరిగేకొద్దీ ఆకుపచ్చ, పసుపు రంగులకు మారుతుందనీ చెప్పాడు. మొదటి రెండు రోజులు గుడ్డలో చుట్టిన ఐసును పావుగంట చొప్పున పెట్టి, చేతిని దిండు మీద ఎత్తి ఉంచాలట. కాపడం ఆ తర్వాతేనట, రుద్దడం అసలే కూడదట. నొప్పికి పారాసిటమాల్ చాలునట. ఆస్పిరిన్‌తో కలిస్తే డైక్లోఫెనాక్ రక్తస్రావాన్ని పెంచుతుందట. గుండె మాత్రలను మాత్రం సొంతంగా మానకూడదని రెండుసార్లు చెప్పాడు. రక్తపరీక్షలో, గడ్డకట్టడానికి తోడ్పడే ప్లేట్‌లెట్లు 2.1 లక్షలు వచ్చాయి; 1.5 లక్షలకు తగ్గకుంటే చాలు. ఇలాంటి మందులు వాడేవారికి తలకు దెబ్బ తగిలితే అదే రోజు వెళ్ళాలి. దెబ్బ లేకుండానే మచ్చలు వచ్చినా, చిగుళ్ళ నుండి రక్తం కారినా ఆలస్యం చేయకూడదు.

ఇప్పుడు రూపాయి బిళ్ళంత పసుపు మరక మిగిలింది. నిన్న అదే నర్సు మళ్ళీ అడగబోతుంటే, అమ్మ నోరు తెరవకముందే "మంచం, మంచం" అని నేనే అరిచాను.